మీగడ కింద చుక్క

శనివారం, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక

మా చిన్నమ్మడికి అమ్మ దీవెనలు.

నువ్వూ, అల్లుడూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ క్షేమం అని రాద్దామనే కాగితం ముందు పెట్టుకున్నాను. కానీ మొదటి మాటే అబద్ధం రాస్తే మిగతా ఉత్తరం ఎట్లా నడుస్తుంది? క్షేమంగా లేము తల్లీ. మంచాన పడ్డవాళ్లు ఎవరూ లేరనుకో. జ్వరాలూ లేవు. మీ అన్నయ్యని చూస్తుంటే మాత్రం నాకు ముద్ద దిగడం లేదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో నేను తుమ్మితే పక్కగదిలోంచి చిరంజీవ అంటారు. ఇంక ఫోన్లో గుట్టు మాటలేం చెబుతాను? నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఓపిగ్గా చదువుకో.

మీ అన్నయ్య క్రేనుకి అవతలి క్రేను నడిపే అతను నీకు గుర్తున్నాడా? బట్టతల బట్టతల అని మీ అన్నయ్య ఎప్పుడూ ఏడిపించేవాడే, అతను. మీ అన్నయ్య ఈడువాడే. పోయిన నెల ఒకరోజు నిచ్చెన దిగాడు, టీ తాగాడు, కప్పు కింద పెట్టాడు, పోయాడు. అంతే. గుండె అన్నారు. కప్పు కూడా పగల్లేదట, అంత మెల్లగా పెట్టాడట. ఆ మాట విన్నప్పటి నుంచీ మీ వదిన ముఖంలో నెత్తురు లేదు. నా ముఖం నేను చూసుకోలేదు.

దాని వెనకే కంపెనీ వాళ్లు ఇంకో పిడుగు వేశారు. నడివయసు దాటిన క్రేను డ్రైవర్లందరికీ ఒళ్లు పరీక్ష చేయిస్తారట. అందులో తేడా వస్తే పైనుంచి దింపి గేటు దగ్గర కుర్చీ ఇస్తారట. మీ అన్నయ్యని గేటు దగ్గర కూర్చోబెట్టడమంటే చేపని తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టడమే. పాతికేళ్లు ఆకాశంలో బతికిన మనిషి. పరీక్ష మాట ఎత్తితే నవ్వేసి, నాకేం అమ్మా, గుండ్రాయిలా ఉన్నాను అంటాడు. గుండ్రాయికి మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?

ఇంతకు ముందు వాడి పని ఊరవతల ఉండేది. కనిపించేది కాదు కాబట్టి నాకు కాస్త హాయిగా ఉండేది. ఇప్పుడు మన వీధి చివరే పెద్ద మేడ లేపుతున్నారు. వాడి క్రేను మన వంటింటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ పచ్చటి చేయి తిరుగుతుంటే నా గరిటె తిరుగుతుంది. అది ఆగితే నా గరిటె ఆగుతుంది. మొన్న కూర మాడిందని మీ వదిన మూతి ముడిచింది. క్రేను ఆగిందే, అందుకని మాడింది అని చెప్పలేను కదా.

నువ్వు పంపిన గుళికలు అందాయి. మీ మందుల షాపులో అడిగి మంచివే పంపావు, సంతోషం. పైన అద్దాల పెట్టెలో కూర్చునేవాళ్లకి ఎండ కనిపిస్తుందే గానీ ఒంటికి తగలదని, అందుకే ఎముకా కండా నీరసపడతాయని రాశావు. నిజమే అనిపించింది. వారానికి ఒకటి చాలన్నావు. అట్లాగే వేస్తున్నాను.

ఎట్లా వేస్తున్నానో నీకు వేరే చెప్పాలా? వాడి సంగతి పుట్టినప్పటి నుంచీ ఒక్కటే. మందు అంటే ఆమడ దూరం పరుగు. చిన్నప్పుడు జ్వరం మాత్ర అరటిపండులో కూరి పెట్టేదాన్ని. మీ వదిన కాపురానికి వచ్చిన కొత్తలో దానికీ అదే నేర్పాను. వీడికి మందుని మందులా ఇవ్వకు, తిండిలా ఇవ్వు అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, దాచిపెట్టినవాళ్లు ఇంట్లో రెండో మనిషికి చెప్పకూడదు, ఒకరి ముఖంలో నవ్వు కనిపించినా వాడు పసిగట్టేస్తాడు అని. మన ఇంట్లో వైద్యమంతా అట్లాగే నడిచింది. అందుకే ఈ గుళికల మాట మీ వదినకి కూడా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

పిన్నీసుతో గుళికకి చిల్లు పెట్టి పొద్దున వాడి పాలలో పిండుతాను. లోపల నూనెలాంటిది ఉంది, చుక్క పైకి తేలుతుంది. అది కనిపించకుండా మీద ఇంత మీగడ వేసి కప్పేస్తాను. మీగడ చూస్తే డోకుకునేవాడు కాదూ! ఇప్పుడు కిక్కురుమనకుండా తాగేసి గ్లాసు చేతికిస్తాడు. ఎంత వయసొచ్చినా పిచ్చినాన్నే.

మీ వదిన గురించి ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. ఈ మధ్య వాడి క్యారేజీ నన్ను ముట్టనివ్వడం లేదు. పెరుగు తనే కలుపుతుంది, అదీ నాకు వీపు పెట్టి. నా చేతి ఉప్పు ఎక్కువవుతోందట. అత్త చేతి ఉప్పుకి వంక పెట్టని కోడలు ఎక్కడైనా ఉంటుందా, పోనీలే అని ఊరుకున్నాను.

జవాబు నా పేరు మీదే రాయి. కింద మెట్ల దగ్గర పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
కిటికీ దగ్గర కాపలా ఉన్న
అమ్మ

*

గురువారం, పొద్దున

చిన్నమ్మడికి అమ్మ మళ్లీ రాసేది.

ఎండలు పోయి వానలొచ్చాయి గానీ నా గుండెల్లో మంట చల్లారలేదు. నీ ఉత్తరం అందింది. చీవాట్లు బాగానే పెట్టావు. వారానికి ఒకటి దాటకూడదు, దాటితే మేలుకి బదులు కీడు అని రాశావు. రక్తపరీక్ష చేయించమన్నావు. ఇంకెవరైనా వాడికి ఏమైనా ఇస్తున్నారా, కనుక్కో అన్నావు. ఎవరిస్తారు తల్లీ? నాకు కాక వాడి ఒళ్లు ఎవరికి పట్టింది?

కోప్పడకుండా విను. ఆరిపోతున్న పొయ్యికి వారానికి ఒక పుల్ల పెడితే అన్నం ఉడుకుతుందా? వాడు రోజురోజుకీ వడిలిపోతున్నాడు. అందుకని రోజు విడిచి రోజు వేశాను. అయినా తేరుకోలేదు. ఇప్పుడు రోజూ వేస్తున్నాను. బలానికిచ్చేది ఎక్కువైతే ఇంకాస్త బలం వస్తుంది గానీ నష్టం ఏముంటుంది? నీకు చదువుంది, నాకు లేదు. కానీ వాడిని కన్నది నేను.

వాడి అవతారం చూస్తే నీకే తెలుస్తుంది. దాహం, దాహం అంటాడు. ఇంటికి రాగానే కడవ ఎత్తి తాగినట్టు తాగుతాడు. ఆ వెంటనే బాత్రూముకి. వచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. పైన ఉన్నప్పుడు మాత్రం గొంతు ఎండిపోతున్నా నీళ్లు ముట్టడట. తాగితే దిగాలి. దిగాలంటే అంత నిచ్చెనా దిగాలి, ఎక్కాలి. ఈలోగా పనంతా ఆగిపోతుంది, కింద మేస్త్రీ గోల. పరీక్ష దగ్గర పడుతుంటే, ఊరికే దిగే మనిషి అని పేరు పడకూడదని వాడి భయం. నోట్లో నాలుక బెండులా అయిపోయి వస్తాడు. తిన్నది నిలవదు. టీలో ఉప్పు వేసుకుని తాగేశాడు మొన్న, తెలియనే లేదు. మీ వదిన టైలరు షాపులో ఊరందరికీ కొలతలు తీసేది, మొగుడి ప్యాంటు నడుము రెండోసారి కుట్టు లోపలికి పట్టింది. సూది దారం చేతిలో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. ఏమే అంటే, ఏం లేదత్తయ్యా, దారం దూరడం లేదు అంది. దారం ఎప్పుడో దూరి ఉంది.

వాడి సంచిలో ఏదో గిలక్కాయలా చప్పుడవుతోంది. ఏంట్రా అంటే, మరమేకులు అన్నాడు. క్రేను మరమేకులు ఇంటికెందుకు తెస్తాడు? అడిగితే కసురుకుంటాడని ఊరుకున్నాను. ఎప్పుడూ కసురుకోనివాడు, ఇప్పుడు ఊరికే కసురుకుంటున్నాడు.

పరీక్ష వచ్చే సోమవారం. అప్పటికి కాస్త నిలబడితే చాలు. ఈ గుళికలు అయిపోవచ్చాయి, ఇంకో డబ్బా

క్రేను ఆగింది.

భోజనం వేళ కాదు. నేను రాస్తూనే అటు చూస్తున్నాను, తిరుగుతున్నది తిరుగుతున్నట్టే ఆగిపోయింది. చివర ఇనుప కడ్డీల మోపు వేలాడుతోంది. గాలికి అదే ఊగుతోంది. కింద మనుషులు పరిగెడుతున్నారు. ఒకడు నిచ్చెన ఎక్కుతున్నాడు. ఎందుకు ఎక్కుతున్నాడు? వాడు పైనే ఉన్నాడు కదా, ఇంకొకడు ఎందుకు

వెళ్తున్నాను

*

శుక్రవారం, ఆసుపత్రి బల్ల మీద

చిన్నమ్మడూ,

నిన్న సగంలో వదిలేసిన కాగితం కూడా దీంతోనే మడిచి పెడుతున్నాను. ముందు అది చదివి అదిరిపోకు. మీ అన్నయ్య బతికే ఉన్నాడు.

మీ వదిన నిన్న సాయంత్రం నీకు ఫోన్ చేసి కళ్లు తిరిగి పడ్డాడని చెప్పింది కదా. ఫోన్లో చెప్పనిది రాస్తున్నాను.

పైన ఉండగా కళ్లు చీకట్లు కమ్మి, చేయి పట్టు తప్పిందట. మీట మీద చేయి వదిలితే క్రేను దానంతట అదే ఆగుతుందట. యంత్రానికున్న బుద్ధి మాకు లేకపోయింది. ఆ కడ్డీల మోపు ఎవరి మీదా పడలేదు. ఆ ఒక్క మాట కనబడ్డ ప్రతివాడినీ అడిగి చెప్పించుకున్నాను. వాడితో పనిచేసే బుంగమీసాలాయన పైకెక్కి, ముఖాన నీళ్లు కొట్టి, నడుముకి తాళ్లు కట్టి మెల్లగా దింపాడు. ఆ మీసాలాయన నిన్నటి నుంచీ వార్డు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రా నాయనా అంటే రాడు, ఇంటికి వెళ్లు అంటే వెళ్లడు. ఎంత స్నేహం, అనుకున్నాను.

రక్తం తీశారు. డాక్టరమ్మ చిన్నదే, నీకంటే చిన్నది. కాగితం చూసి కనుబొమలు ముడిచి, ఈయన ఏమైనా మాత్రలు వాడుతున్నారా, బలం మందులు, పొడులు, ఏవైనా, అని అడిగింది. వాడు లేదన్నాడు. మీ వదిన లేదంది. నేను లేదన్నాను. ముగ్గురం ఒక్క గొంతుతో, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు.

నేనెందుకు లేదన్నానో నాకే తెలియదు. వాడి ముందర ఎట్లా చెప్పను? ఇన్నేళ్ల గుట్టు. అయినా అది మందు కాదు కదా, బలమే కదా, అనుకున్నాను.

డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ బయటికి పిలిచింది. రక్తంలో కాల్షియం అని సున్నంలాంటిది ఉంటుందట, అది ఉండాల్సిన దానికంటే బాగా పెరిగిపోయిందట. మూత్రపిండాల మీద దెబ్బ పడిందట. దాహమూ, వాంతులూ, మతిమరుపూ అన్నీ దానివల్లేనట. మందులేవీ వాడకుండా ఇట్లా పెరిగిందంటే చెడ్డ జబ్బు ఏదైనా లోపల ఉందేమో వెతకాలి, రేపు ఎముక కూడా గుచ్చి చూడాల్సి రావచ్చు అంది. చెడ్డ జబ్బు అంటే ఏంటమ్మా అని మీ వదిన అడిగింది. డాక్టరమ్మ చెప్పింది. ఆ పేరు నేను రాయను. మీ వదిన చేతిసంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

నేను ముఖం కడుక్కుంటానని అవతలికి వెళ్లాను. కొంగు తీసి మొహం తుడుచుకుంటుంటే చేతికి చురుక్కుమంది. పిన్నీసు. రోజూ గుళికకి చిల్లు పెట్టి మళ్లీ జాకెట్టుకి గుచ్చుకుంటానే, అదే. వేలు మీద నెత్తుటి బొట్టు లేచింది. రేపు నా కొడుకు ఎముకలో సూది దించుతారు, నేను నోరు మూసుకుని బయట బల్ల మీద కూర్చుంటాను. ఆ మాట అనుకునేసరికి నా కాళ్లు వాటంతట అవే నడిచాయి.

డాక్టరమ్మ దగ్గరికి పోయి, తల్లీ నేను అబద్ధం చెప్పాను అన్నాను. పాలూ, పిన్నీసూ, మీగడా అన్నీ చెప్పాను. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కుర్చీ లాగి కూర్చోమంది. వారానికి ఒకటి వెయ్యాల్సింది రోజూ వేస్తే ఇట్లాగే అవుతుంది పెద్దమ్మా, బలం అనే పేరుంటే విషం కాదనుకోవద్దు అంది. కాసేపు ఆ కాగితమే చూసి, అయినా ఇది మీ ఒక్కరి పని కాదేమో, ఇంకా ఎక్కడినుంచో వెళ్తోంది అంది.

వెనకాల ఏడుపు వినిపించింది. మీ వదిన. ఎప్పుడు వచ్చి నిలబడిందో! చేతిసంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మీద గుర్రం బొమ్మ. నలభై దాటిన మగవాళ్ల బలానికట, షాపులో ఎవరో చెబితే కొన్నదట. అత్తయ్యా, పెరుగులో రోజూ రెండు చెంచాలు, మీరే కదా నేర్పారు ఎవరికీ చెప్పకూడదని, అంది. నా పాఠం నాకే అప్పజెప్పింది. ఇదా నువ్వు వీపు పెట్టి కలిపింది, నా ఉప్పు వంక పెట్టుకుని, అన్నాను. ఉప్పు కూడా ఎక్కువేలెండి, అంది ఏడుస్తూనే.

ఇద్దరం వాడి మంచం దగ్గరికి వెళ్లాం. గుర్రం డబ్బా, బొడ్లో దోపుకున్న నా గుళికల డబ్బా దుప్పటి మీద పెట్టాం. వాడు రెండూ చూశాడు. మా ముఖాలు చూశాడు. తన సంచి వైపు చూపించాడు. మీ వదిన సంచి తిరగేస్తే మరమేకులు రాల్లేదు. సీసా. దాని మీద సూర్యుడి బొమ్మ. ఆ బట్టతల అతను చనిపోయిన వారంలోనే వీడు మీసాలాయన దగ్గర కొన్నాడట. పరీక్షలో గట్టిగా కనిపించాలని, పైన కూర్చుని రోజూ మింగేవాడట. నీరసం ఎక్కువైన కొద్దీ ఇంకొకటి మింగేవాడట. గుమ్మంలో ఉన్న మీసాలాయన తల గోడకేసి తిప్పుకున్నాడు. అప్పుడు అర్థమైంది ఆయన ఎందుకు ఇంటికి వెళ్లలేదో. ఆయన్ని ఏమైనా అనడానికి నాకు ముఖమేది?

డాక్టరమ్మ మూడు డబ్బాలూ తిప్పి వెనకాల చీమతలకాయలంత అక్షరాలు చదివింది. ముందు బొమ్మలు వేరు గానీ వెనకాల మందు మూడింటిలోనూ ఒక్కటే, ఎండ వల్ల ఒంట్లో పుట్టే డి విటమినేనట. ఒక్క మనిషి మీదికి ముగ్గురు సూర్యుళ్లని ఎక్కించారు అంది. ఎముకకి సూది రేపు వద్దు, ముందు ఇవన్నీ ఆపి, నరంలోకి నీళ్లు ఎక్కించి చూద్దాం, రక్తంలో ఆ సున్నం అంకె దిగితే సరే, దిగకపోతే వెతకాల్సిందే, అంది. పాలు కూడా కొన్నాళ్లు మానిపించమంది.

ఇప్పుడు మంచం పక్కన వేలాడే సీసాలోంచి నీళ్లు బొట్టు బొట్టుగా దిగుతున్నాయి. అంకె రేపు పొద్దున చెబుతారు. సోమవారం పరీక్ష పోయినట్టే. కంపెనీ వాళ్లు వాడిని మళ్లీ పైకి ఎక్కనిస్తారో, కుర్చీ ఇస్తారో తెలియదు. కుర్చీ ఇస్తే ఇచ్చారు. గట్టు మీద చేపలా కొట్టుకున్నా నా కళ్ల ముందే కొట్టుకుంటాడు.

నువ్వు నిన్ను తిట్టుకోకు. వారానికి ఒకటి అని నువ్వు రాసింది నేనే చదివాను, నేనే దాటాను. ఎవరైనా ఇస్తున్నారా కనుక్కోమంటే, ఎవరిస్తారని విర్రవీగాను. నీ షాపుకి ఎవరైనా ముసలిది వచ్చి కొడుకు బలానికి ఏమైనా ఇమ్మంటే, మందు ఇచ్చేముందు ఇంట్లో ఇంకెవరెవరు ఏం పెడుతున్నారో కనుక్కుని రమ్మని పంపు. తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.

ఇట్లు,
పిన్నీసు తీసి చెత్తబుట్టలో పారేసిన
అమ్మ

తా.క. ఉత్తరం అంటించలేదు, మంచిదే అయింది. తెల్లవారింది. అంకె దిగడం మొదలైంది. ఇంకా చాలా దిగాలట, కానీ దారి పట్టిందట. మీ వదిన మొన్నటి నుంచి మొదటిసారి అన్నం తిని, బల్ల మీదే నిద్రపోయింది.

పొద్దున వాడికి తెలివి బాగా వచ్చింది. నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్నారని గ్లాసుతో పట్టుకెళ్లాను. వాడు గ్లాసు వెలుతురుకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మీగడేదమ్మా అన్నాడు. నీకు తెలుసట్రా అన్నాను. మీగడ చూస్తే డోకుకునేవాడిని, ఇన్నేళ్లూ నువ్వే వడగట్టి ఇచ్చిన పాలు, ఉన్నట్టుండి మీగడతో వస్తే తెలియదా అన్నాడు. మీ వదిన పెరుగు సంగతీ తెలుసట, పంటికింద పొడి తగిలేదట. అరటిపండులో మాత్ర కూడా చిన్నప్పుడే తెలుసట. వెధవా, ఒక్క మాట అంటే ఇంతదాకా వచ్చేదా, అన్నీ తెలిసి ఎందుకు తాగావురా అని అడిగాను. అప్పుడన్నాడు, నాకు గ్లాసు ఇచ్చాక అది నా గొంతు దిగేదాకా నువ్వు ఊపిరి తీసుకోవు అమ్మా, నేను తాగితేనే తీసుకుంటావు, అని.

ఉత్త నీళ్లు, అన్నాను. తెలుసు అన్నాడు. గటగటా తాగేశాడు. తాగి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి నా వైపే చూస్తున్నాడు. ఏంట్రా అన్నాను. తీసుకో, అన్నాడు.

తీసుకున్నాను.